శనివారం పీరియడ్

జగిత్యాల
16 జూలై 1988

పూజ్యులైన బాపుకు,

శోభ నమస్కారాలు. అమ్మ పంపిన మామిడికాయ తొక్కు చేరింది. నాతోని గదిల ఉండే రాధమ్మ టీచర్‌కు అది మస్తు నచ్చింది, సగం సీస అప్పుడే ఖాళీ. అమ్మకు చెప్పుండ్రి.

ఇప్పుడు రాసేది నా కొలువు సంగతి. పోయినేడు నా దగ్గర బీకాం పాసైన పిలగాడు ఒకడు మెట్‌పల్లి దిక్కు ఒక రైసుమిల్లుల సూపర్‌వైజర్‌గ చేరిండు. ఫస్టు క్లాసు పిలగాడు. రెండు నెలలు తిరగకముందే మిల్లోళ్లు వద్దు పొమ్మన్నరు. నా దగ్గరికి వచ్చి కూసొని, "మేడం, పుస్తకంల ఉన్నట్టే చేసిన. నేను ఉంటె హమాలీలు బస్తా ముట్టమన్నరు" అన్నడు. వాళ్ల పేర్లు నీకు తెలుసా అని అడిగిన. ఇద్దరివి చెప్పి ఆగిపోయిండు. ఇరవై మంది పనిచేసే మిల్లు అది.

గా మాట నన్ను వారం దినాలు వదలలే. మూడేండ్ల సంది 'నిర్వహణ అంటే ఇతరుల చేత పని చేయించే కళ' అని బోర్డు మీద రాసి కంఠతా పట్టిస్తున్న. పని ఎట్ల చెప్పాల్నో, చెప్పింది ఎదుటోడు వినకపోతె ఏం చేయాల్నో, పది మందిని కూసోబెట్టి మాట్లాడుడు ఎట్లనో ఒక్కనాడు చెప్పలే. అందుకే ప్రిన్సిపాల్ శ్యాంసుందర్ రావు సార్‌ను శనివారం ఆఖరి పీరియడ్ ఇయ్యమని అడిగిన. "సిలబస్‌ల లేనిదానికి మార్కులు ఎవలేస్తరమ్మా" అన్నడు. "మార్కులు వాళ్లు కొలువుల చేరినంక పడ్తయి సార్" అన్న. నవ్వి ఇచ్చిండు.

మొదటి శనివారం ఒకటే ప్రశ్న అడిగిన. "మీరు మేనేజరు. ఒక పనోడు వరుసగ మూడు దినాలు ఆలస్యంగ వచ్చిండు. ఏం చేస్తరు?" ముప్పై నలుగురిల ఒక్కడు తప్ప అందరిదీ శిక్షించే మాటే. కొందరు జీతం కోస్తమన్నరు, కొందరు తీసేస్తమన్నరు. వెనుక బెంచిల సారయ్య అనే పిలగాడు మాత్రం లేసి, "ఎందుకు ఆలస్యమైతుందో అడుగుత మేడం" అన్నడు. క్లాసంత నవ్వింది. నాకైతే గా శనివారం పండుగ లెక్క అనిపించింది.

మీరు అంత పెద్ద వ్యవసాయం నడిపిండ్రు. ఎందరితోనో పని చేయించిండ్రు. పని ఎట్ల చెప్పేటోళ్లు, ఎట్ల చేయించేటోళ్లు? నాకు వివరంగ రాయుండ్రి. మీ ఉత్తరం క్లాసుల చదువుత. పుస్తకంల దొరకని పాఠం అది.

మీ బిడ్డ
శోభారాణి


కోరుట్ల
24 జూలై 1988

చిరంజీవి శోభకు బాపు దీవెనలు.

నీ జాబు మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించిన. మా బిడ్డ కాలేజిల పని చెప్పే తరీఖా, అదే పద్ధతి, నేర్పుతుందని ఎదురింటి వకీలు సాబుకు గూడ చెప్పిన. ఆయన బీడీ ముట్టిచ్చుకుంట, "అనంత్ రావు గారూ, మీ ఇంట్ల పుట్టినోళ్లకు అది నేర్పాల్నా, రక్తంలనే ఉంటది" అన్నడు. నిజమే అనిపించింది.

అడిగినవు గనుక రాస్తున్న. పని చెప్పుడు ఒక విద్య గాదు బిడ్డా, అది ఒక దబ్దబా, పెత్తనం. పొద్దు పొడవకముందే నేను ఊర్లె మన గడి బంగ్లా ముందట అరుగు మీదికి వచ్చేది. దగ్గేది. ఒకే ఒక్క దగ్గు. గంతే, వాడకట్టు మొత్తం కదిలేది. అరకలు కట్టేటోడు అరకలు కట్టేది, నీళ్లు తోడే ఆమె నీళ్లకు పోయేది. నోరు తెరిచి హుకుం ఇచ్చే అవసరమే లేకుండె. మా నాయన చెప్పిన సూత్రాలు మూడే. పనోని ముందట నవ్వొద్దు. ఒక్కసారి చెప్పినమాట రెండోసారి చెప్పొద్దు. వాని కష్టం అడగొద్దు, అడిగితే రోజొకటి చెప్తడు.

ఎందుకు ఆలస్యమైందో అడుగుతనన్న పిలగాడు మంచోడే కావచ్చు గని, పని చేయించలేడు. వాని మీద జర కన్నేసి ఉంచు.

మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది. నువ్వు వేళకు తిను.

బాపు
అనంత్ రావు


జగిత్యాల
8 ఆగస్టు 1988

పూజ్యులైన బాపుకు,

మీ ఉత్తరం శనివారం నాడు క్లాసుల చదివిన. ఒక్క ముక్క వదలకుండ మీరు రాసినట్టే చదివిన. ముందు బెంచీలోళ్లు నోట్సు రాసుకున్నరు. మూడు సూత్రాల కాడికి వచ్చేవరకు కలాలు ఆగినయి.

అప్పుడు సారయ్య లేసిండు. మర్యాదగనే అడిగిండు. "మేడం, సార్ ఒకనాడు దగ్గితే ఎవలూ రాలేదనుకోండ్రి. అప్పుడు ఏం చేసేటోళ్లు?"

"గట్ల ఎన్నడన్న అయితదా" అన్న. ఆ పిలగాడు, "అయ్యింది మేడం. మాది మీ ఊరే. నేను మైసయ్య కొడుకును" అన్నడు. గంట కొట్టిండ్రు. అందరు పోయిండ్రు.

బాపూ, మైసయ్య అంటె మన ఇంట్ల జీతముండి, నన్ను చిన్నప్పుడు బండి మీద పెగడపల్లి బడికి తీసుకపోయిన మైసయ్యేనా? సారయ్యను పిలిచి అడిగితే అవునన్నడు. అంతకు మించి చెప్పలే. మనం ఊరు విడిచిన ఏడు నేను కరీంనగర్ హాస్టల్ల ఉంటిని. నా డిగ్రీ చదువు కోసమే కోరుట్ల వచ్చినమని మీరు రాసిండ్రు, నేను నమ్మిన. ఆ పిలగాని ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉంటది. రాయుండ్రి.

ఇంకొక సంగతి. దసరా సెలవులల్ల పన్నెండు మందిని సిరిసిల్లకు తీసుకపోతున్న. అక్కడ మార్కండేయులు అనే ఆసామికి సాంచెల కార్ఖానా ఉన్నది. సాంచెలంటె మనం మరమగ్గాలు అంటం గద, అవే. పది దినాలు పిల్లలు అక్కడ పనిచేస్తరు, చూస్తరు, నేర్చుకుంటరు.

శోభ


కోరుట్ల
19 ఆగస్టు 1988

శోభకు,

నువ్వు అడిగింది పని చేయించే పాఠం. నేను రాసింది దాని గురించి. ఊరు ఎందుకు విడిచినం, ఎవలు వచ్చిండ్రు, ఎవలు రాలేదు అనేది ఆ పాఠంల లేదు. మైసయ్య కొడుకు డిగ్రీ చదువుతున్నడంటె మంచిదే. మాస్టర్ల ముందట ఎట్ల మాట్లాడాల్నో గూడ చదువుకుంటె ఇంకా మంచిది.

సిరిసిల్ల ఆలోచన మానుకో. కాలం బాగ లేదు. ఇరవై ఏండ్ల పిలగాండ్లను గుంపుగ కార్ఖానాలల్ల తిప్పి, ఎన్ని గంటలు పనిచేస్తున్నరు, ఏం ఇబ్బందులున్నయి అని అడిగిస్తవు. పోలీసులు మిమ్ముల అన్నల, అదే నక్సలైట్ల మనుషులనుకుంటరు. అన్నలు ఆసామి మనుషులనుకుంటరు. నడుమ నువ్వు ఎవలికి జవాబు చెప్తవు?

అనంత్ రావు

శోభా, నేను అమ్మను. కవరు నేను అంటిస్తనని తీసుకున్న, అందుకే ఈ నాలుగు ముక్కలు. బాపు నీ ఉత్తరం వచ్చినకాంచి సరిగ్గ అన్నం తింటలేడు. అరుగు మీద కూసొని వకీలు సాబుతోని గూడ మాట్లాడుతలేడు. నువ్వు అడిగింది తప్పు గాదు బిడ్డా. ఆయన చెప్పేదాక ఓపికపట్టు. నన్ను అడగకు, నేను చెప్తె అది ఆయన చెప్పినట్టు గాదు.


సిరిసిల్ల
22 అక్టోబర్ 1988

పూజ్యులైన బాపుకు,

మీరు వద్దన్నా వచ్చిన. కోపం ఉంటె ఉండనియ్యుండ్రి, గని ఈ ఉత్తరం ఆఖరి దాక చదువుండ్రి.

పద్మశాలీల సంఘం గదులల్ల ఉంటున్నం. మీరు అన్నట్టే రెండోనాడే ఒక పోలీసు జమేదారు వచ్చి వీళ్లంత ఎవలని అడిగిండు. పిల్లలనే మాట్లాడనిచ్చిన. మా ప్రిన్సిపాల్ ఇచ్చిన కాగితం చూపెట్టి, ఎవలెవలు ఏ వేళకు ఎక్కడ ఉంటరో రాసిన పట్టీ ఆయన చేతిల పెట్టిండ్రు. ఒక నకలు ఉంచుకోండ్రి అని కూడ అన్నరు. ఆయన పట్టీ మలిచి జేబుల పెట్టుకొని పోయిండు. మళ్ల రాలే.

మార్కండేయులు ఆసామి కార్ఖానాల ఇరవై నాలుగు సాంచెలున్నయి. ఆ సప్పుడుల పక్కనున్న మనిషి మాట వినపడది. ఇక్కడోళ్లు సైగలతోని మాట్లాడుకుంటరు. మా పిల్లలు మేనేజర్ల లెక్క చేతులు కట్టుకొని నిలబడ్తె గంగవ్వ అనే ఆమె కండెలు చుట్టుకుంట, "నిలబడి చూస్తె ఏమొస్తది బిడ్డా, కూసొని చుట్టుండ్రి" అన్నది. కండె అంటె అడ్డపోగు చుట్టిన పుల్ల. రెండు దినాలు అందరితోని కండెలు చుట్టిపిచ్చింది. ఫస్టు మార్కులొచ్చే పిలగాడు చుట్టిన కండె సాంచెకు పెట్టంగనే పోగు తెగింది. గంగవ్వ తిట్టలే. విప్పి, మళ్ల వాని చేతనే చుట్టిపిచ్చింది. "చూసుకోండ్రి, తప్పు చెప్పే పద్ధతి ఇదీ" అని నేను మా వాళ్లకు చెప్పిన.

అసలు సంగతి ఐదోనాడు అయింది. ఇక్కడ కరెంటు తెల్లారగట్ల నాలుగింటికి వస్తుంది, పొద్దెక్కినంక పోయి మళ్ల పగటీలికి, అంటె మధ్యాహ్నానికి, వస్తుంది. అందుకని ఆసామి దర్వాజకు ఒక కాగితం అంటిచ్చిండు, అందరు నాలుగింటికి రావాలె అని. ఎవలూ రాలే. పొద్దెక్కినంక వచ్చినోళ్లను లోపటికి రానియ్యలే. మరునాడు ఎవలూ రానే రాలే. అందరు రోడ్డవతల చాయ్ హోటల్ కాడ కూసున్నరు. సాంచెలన్నీ బందు. ఆసామి నన్ను చూసి, "మేడం, మీ వాళ్లు మేనేజ్‌మెంటు చదివిండ్రు గద. చేయమనుండ్రి" అన్నడు. ఎక్కిరిచ్చినట్టే అన్నడు గని ఆయన మొఖంల భయం ఉన్నది.

నేను వెనుకకు జరిగిన. పిల్లలు ఒకలి మొఖం ఒకలు చూసుకున్నరు. సారయ్య అడిగిండు, "మేడం, మేం పోయి అడగొచ్చా?" పొమ్మన్న.

చాయ్ హోటల్ల గంగవ్వ పక్కన కూసున్నడు. ఆమె చాయ్ తాగినంక, "నాలుగింటికి వచ్చుడు ఎందుకు కష్టమైతుందవ్వా?" అన్నడు. ఆమె చెప్పిన జవాబు ఆసామికి తెలువది, నాకు తెలువది, ఎవలం అనుకోలే. వీళ్లల్ల సగం మంది పక్క ఊర్ల నుంచి నడిచివస్తరు. చీకట్ల రోడ్డు మీద గస్తీ తిరిగే పోలీసులు ఆపి, గీ యాల్ల ఎటుపోతున్నవని అడిగి, తెల్లారెదాక ఒక దిక్కు కూసోబెడుతున్నరు. మొన్న ముగ్గురిని కూసోబెట్టిండ్రు. ఆడోళ్లయితే ఇల్లు కదలనే జంకుతున్నరు. "గీ ముచ్చట ఆసామికి ఎందుకు చెప్పలే" అంటె, "అడిగిండా బిడ్డా?" అన్నది గంగవ్వ.

సారయ్య వాపస్ వచ్చి ఆసామికి ఈ సంగతి మాత్రం చెప్పలే. "సేటూ, మీరే వచ్చి అడుగుండ్రి. నేను చెప్తె అది నా మాటైతది" అన్నడు.

"నేను వాళ్ల కాడికి పోవాల్నా?" అన్నడు ఆసామి.

"రోడ్డు దాటితే చాలు" అన్నడు సారయ్య. "పోయినంక, నాకు తెలువక కాగితం అంటిచ్చిన, ఏం ఇబ్బందో చెప్పుండ్రి అనుండ్రి. ఆ తర్వాత వాళ్లు మాట్లాడేటప్పుడు నడుమల మాట్లాడకుండ్రి."

ఆసామి జరసేపు సాంచెల దిక్కు చూసిండు. రుమాలు తీసి భుజం మీద వేసుకున్నడు. రోడ్డు దాటిండు. హోటలోడు కుర్చీ వేయబోతె వద్దని బల్ల మీదనే వాళ్ల నడుమ కూసున్నడు. మా పిల్లలు ఇద్దరు ఎవలు ఏమన్నదీ రాసుకున్నరు. గంటన్నర పట్టింది. ఆఖరికి ఒక తొవ్వ తెలిసింది. ఊర్లె ఉండేటోళ్లు నాలుగింటికి వస్తరు. బయటూర్లోళ్లు తెల్లారినంక వచ్చి, పొద్దుగూకెదాక కరెంటు ఉన్నప్పుడు చేస్తరు. ఎవలు ఏ వేళకు వచ్చేదీ వాళ్లే కూసొని పట్టీ వేసుకుంటరు. ప్రతివాళ్లకు కార్ఖానా ముద్రతోని ఆసామి చిట్టీ రాసిస్తడు, గస్తీ అధికారి దగ్గరికి ఆయనే పోయి చెప్పివస్తడు. దర్వాజ మీది కాగితాన్ని ఆసామి సొంతంగ చింపిండు.

పగటీలికి సాంచెలు మొదలైనయి. ఆ సప్పుడుల మా పిల్లలు ఏదో అరుస్తున్నరు, నాకు వినపడలే. నవ్వుతున్నరని మాత్రం కనపడ్డది. బాపూ, నేను ఎంకాం పాసైనప్పుడు గూడ ఇంత గర్వపడలే.

శోభ


కోరుట్ల
14 నవంబర్ 1988

శోభకు దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. జవాబు రాయబోయి రెండు కాగితాలు చింపిన. నాకు చిన్నప్పటి ఉర్దూ చదువు, తెలుగుల మనసుల మాట రాసుడు అలవాటు లేదు. అయినా రాస్తున్న. మైసయ్య కొడుకు అడిగినదానికి ఇది జవాబు.

అది 1978. వరి కోతకొచ్చిన దినాలు. ఊర్లె సంఘం పోరగాండ్లు మీటింగు పెట్టిండ్రు. వెట్టి బందు కావాలె, కూలి పెంచాలె, ఆడోళ్లను గడిలకు పిలిచి పని చెప్పొద్దు అని. నేను నవ్విన. మరునాడు పొద్దుగాల అరుగు మీదికి వచ్చి దగ్గిన. ఎవలూ రాలే. మళ్ల దగ్గిన. ఒక్క తలుపు గూడ తెరుచుకోలే. మంగలి రాలే, చాకలి రాలే, నీళ్లు తోడే ఆమె రాలే. మీ అమ్మ బాయికాడికి పోయి తోడుకున్నది, చేతులకు బొబ్బలు లేసినయి. ఐదోనాడు గొడ్లు అరుస్తుంటె గడ్డి వేయబోయిన. ఏ ఎద్దుకు ఎంత వేస్తరో నాకు తెలువది. నా ఇంట్ల పుట్టిన ఎద్దు నన్ను చూసి బెదిరింది.

తొమ్మిదోనాడు మైసయ్య దర్వాజ కాడికి వచ్చిండు. లోపటికి రాలే. "దొరా, అందరు చావడి కాడ కూసున్నరు. మీరు ఒక్కసారి వచ్చి, ఏం గావాలెనో అడుగుండ్రి. వరి రాలిపోతుంది. మాకూ చూడబుద్ధి అయితలేదు" అన్నడు. చావడి మన ఇంటికి ఎంత దూరమో నీకు తెలుసు. నీ ఆసామి దాటిన రోడ్డంత ఉండదు.

నేను పోలే. "నాకు చెప్పేటోనివైనవారా మైసిగా" అని తలుపు మూసిన. మరునాడు లారీ తెప్పిచ్చి సామానంత వేయించిన. వరి నిలబడ్డది నిలబడ్డట్టే రాలిపోయింది. ఆనాటికాంచి భూమి దున్నేటోళ్లు లేక పడావు పడ్డది.

దొరలు భయపడి ఊర్లు విడిచిండ్రని అందరంటరు. నేను గూడ అదే అననిచ్చిన, అందులనే జర ఇజ్జత్ ఉన్నదనుకున్న. నీకు చదువు కోసమన్న. అసలు సంగతి ఇదీ: నాకు అడుగుడు రాలే. ఆ ఒక్క మాట నోట్లెకు రాలే. యాభై రెండేండ్లొచ్చినా రాలే. నీ సిరిసిల్ల ఆసామి ఒక గడియల నేర్చుకున్నడు.

ఇది నీకు మాత్రమే రాసిన. క్లాసుల చదవకు.

బాపు


జగిత్యాల
25 నవంబర్ 1988

పూజ్యులైన బాపుకు,

చదవను. మాటిచ్చిన. మీ ఉత్తరం నా పెట్టెల భద్రంగ ఉన్నది.

దాన్ని చదివి ఏడ్చిన మాట నిజమే. గని సిగ్గుతోని గాదు. పదేండ్లు దాచుకున్న మాటను, అరవై దాటినంక, బిడ్డకు రాసుడు ఎంతమందితోని అయితది? మీరు రాసిన గా ఉత్తరానికి నా మూడేండ్ల నోట్సు సరితూగది.

ఒకటి అడుగుత. కాదంటె మళ్ల అడగను. నేను చదువుడు గాదు, మీరే వచ్చి చెప్పుండ్రి. ఒక్క శనివారం. ఈ పిల్లలు రేపు మిల్లులల్ల, బ్యాంకులల్ల, కార్ఖానాలల్ల నలుగురి మీద కూసుంటరు. పని చేయించిన మనిషి, పని ఆగిపోయినప్పుడు ఏమైందో సొంత నోటితోని చెప్తె వాళ్లు జన్మంత మర్చిపోరు. మీరు చెప్పిన మొదటి పాఠం వాళ్లు నోట్సుల రాసుకున్నరు బాపూ. అది అట్లనే ఉంటె ఎట్ల?

శోభ


కోరుట్ల
3 డిసెంబర్ 1988

శోభా,

మైసయ్య కొడుకు ముందట నన్ను నిలబడుమంటున్నవు. అది నాతోని గాదు. నా వయసు చూసి అడుగు.

అనంత్ రావు


కోరుట్ల
18 జనవరి 1989

శోభా,

కార్డు మీద రాస్తున్న, వివరం లేదు. నీకు రానని రాసి మళ్ల ఒకసారి తలుపు మూసిన అనిపించింది. 28వ తారీఖు శనివారం పగటీలి బస్సుకు వస్తున్న. మీ అమ్మ నాకు తోడు వస్తనంటె వద్దన్న. సారయ్యకు ముందే చెప్పు, నేను వచ్చేది ఆ పిలగానికి ఇష్టం లేకపోతె రాను.

బాపు


జగిత్యాల
30 జనవరి 1989

పూజ్యులైన బాపుకు,

మీరు బస్సెక్కినంక ఏమైందో మీకు తెలువది, అందుకే వెంటనే రాస్తున్న.

క్లాసు అయిపోయినా ఎవలూ బెంచీలు విడువలే. ప్రిన్సిపాల్ సార్ వెనుక కూసున్నడు గద, ఆయన గూడ లేవలే. మీరు కుర్చీ వద్దని, బల్లకు ఒరగకుండ, నలభై నిమిషాలు నిలబడి చెప్పిండ్రు. మొదట మీ గొంతు వెనుక బెంచికి వినపడలే. ఎద్దు బెదిరిన కాడికి వచ్చేవరకు వెనుకోళ్లు లేసి ముందటికి వచ్చి కూసున్నరు. "మూడు సూత్రాలు రాసుకున్నోళ్లు వాటిని కొట్టేయుండ్రి" అని మీరన్నప్పుడు పుస్తకాలు తెరిచిన సప్పుడు మీరు విన్నరా? అందరూ కొట్టేసిండ్రు. తర్వాత బెంచీల నడుమ తిరిగి చూసిన.

సారయ్య మీతోని అన్న మాట నా చెవులల్ల ఇంకా ఉన్నది. "మా నాయన తొమ్మిది దినాలు మీరు వస్తరనే చూసిండు దొరా. నేను అప్పుడు పదేండ్లోన్ని. పదోనాడు లారీ పోతుంటె చావడి కాడ నిలబడి చూసిండు. ఆ పూట ఇంట్ల ఎవలం తినలే." మీరు రెండు చేతులు జోడిచ్చిండ్రు. మైసయ్య ఎట్లున్నడని అడిగిండ్రు. ఆ పిలగాడు, "మీరే వచ్చి చూడుండ్రి" అన్నడు. అది పిలుపా, నిష్ఠూరమా అని నాకు ఆ గడియ తెలువలే. మీరు పోయినంక అడిగిన. "రెండూ మేడం" అన్నడు.

ప్రిన్సిపాల్ సార్ వచ్చే ఏడాది నుంచి శనివారం పీరియడ్‌ను టైంటేబుల్ల పక్కాగ రాస్తనన్నడు. సిరిసిల్ల నుంచి మార్కండేయులు ఆసామి ఉత్తరం రాసిండు, పరీక్షలు అయినంక సారయ్యను సూపర్‌వైజర్‌గ పంపమని. గంగవ్వ గూడ చెప్పిందట, "అడిగే పిలగాన్ని పంపుమను" అని.

బాపూ, మీరు బస్టాండుల "బాగ మాట్లాడిన్నా?" అని అడిగిండ్రు. రద్దీల నేను జవాబు చెప్పలే. ఇప్పుడు చెప్తున్న. ఈయన మా నాయన అని క్లాసుల చెప్పినప్పుడు నా తల ఎంత ఎత్తుల ఉన్నదో నాకు తెలుసు.

శోభ


కోరుట్ల
12 మార్చి 1989

చిరంజీవి శోభకు బాపు దీవెనలు.

మొన్న గురువారం ఊరికి పోయివచ్చిన. నీకు ముందే చెప్తె భయపడ్తవని చెప్పలే. మీ అమ్మ వద్దన్నది, వకీలు సాబు గూడ వద్దన్నడు, దొరలు మళ్ల వస్తున్నరని అనుకుంటరన్నడు. సారయ్యకు కార్డు రాసిన. ఆ పిలగాడు ఊర్లె నలుగురితోని మాట్లాడి, రమ్మని జవాబు రాసిండు. బస్సు దిగేవరకు రోడ్డు మీద నిలబడి ఉన్నడు.

గడి దిక్కు పోలే. చూడాలని గూడ అనిపియ్యలే. నేరుగ వాళ్ల ఇంటికే పోయినం. పదేండ్లల్ల మైసయ్య నాకంటె ముసలోడైండు. చూపు మందగించింది. నులక మంచం వాల్చి కూసోమన్నడు. తను కింద కూసోబోతుంటె చెయ్యి పట్టుకున్న. ఏమని పిలవాల్నో తెలువలే. పాత పిలుపు నాలిక మీదికి వచ్చింది, మింగిన. "మైసయ్యా, మీరు ఇట్ల పక్కన కూసోండ్రి" అన్న. ఆ 'మీరు' అనేతందుకు నాకు ఎంత కష్టమైందో, విన్నంక ఆయనకు కూసునేతందుకు అంత కష్టమైంది. ఆఖరికి ఇద్దరం ఒకటే మంచం మీద కూసున్నం.

"ఆనాడు నేను రాకపోతిని" అన్న.

"వస్తరనుకున్న" అన్నడు. తర్వాత, "కొడుకు చెప్పిండు, కాలేజిల చెప్పిండ్రట గద. మా పేరు గూడ తీసిండ్రట" అన్నడు.

"తీసిన" అన్న.

"మంచిగ చేసిండ్రు" అన్నడు. గంతే. మాఫ్ చేసిన అనలే, నేను అడగలే. అది ఒక్కనాటిల అయ్యేది గాదు. పడావు పడ్డ భూమి సంగతి తీసిన. మీరందరు కూసొని ఏం చేస్తె బాగుంటదో చెప్పుండ్రి, నేను వింట అన్న. వచ్చే నెల చావడి కాడ అందరిని పిలుస్తమన్నడు. ఈసారి పోత. రాజవ్వ, అదే మైసయ్య భార్య, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. కారం ఎక్కువైంది, అయినా రెండు తిన్న.

వాపస్ వచ్చేటప్పుడు బస్సుల ఒక పెద్దాయన పక్కన కూసున్నడు. ఎవలు, ఎక్కడిదాక, ఎందరు పిల్లలు అని మాటల్లె పెట్టిండు. మా బిడ్డ జగిత్యాలల పని చెప్పే తరీఖా నేర్పుతది అన్న. "ఎవలకు నేర్పుతది?" అన్నడు. కాలేజి పిల్లలకు అన్న. బస్సు వాగు దాటేదాక ఆగి, "నాకు గూడ" అన్న.

బాపు